ఉప్పు బోరు, నాటు మామిడి చెట్టు ఉన్న పెరట్లో ఇమాం పసంద్: వస్తుందా, ఎలా తెచ్చుకోవాలి?

మీ ప్రశ్న ఇదీ: టంగుటూరు దగ్గర ఆరు సెంట్ల ఇంటి స్థలం. పైన ఇసుక, మూడడుగుల కింద బంకమట్టి. బోరు నీళ్ళు కాస్త ఉప్పు. పెరటి మూల పన్నెండేళ్ళ నాటు మామిడి ఒకటి బాగా కాస్తుంది గానీ పులుపు, పీచు. దాన్ని కొట్టేసి ఆ చోట ఇమాం పసంద్ మామిడి పెట్టాలని మీ కోరిక. టెంక నాటాలా, అంటు కొనాలా, కుండీలో పెట్టొచ్చా, పూత తెప్పించే కల్టార్ మందు పోస్తే ఏటా కాస్తుందా అని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు. ఇమాం పసంద్ మీ దగ్గర వస్తుంది. కానీ ఆ నాటు చెట్టును దయచేసి కొట్టకండి. దాని మీదే ఇమాం పసంద్ అంటు కట్టించండి. పన్నెండేళ్ళుగా మీ ఉప్పు నీళ్ళు తాగి, మీ బంకమట్టిలోకి దిగి, తుఫాను గాలులకు నిలబడ్డ వేరు అది. అలాంటి వేరు ఏ నర్సరీలోనూ డబ్బుకు దొరకదు. మీకు నచ్చనిది పైనున్న కాయ మాత్రమే, దాన్ని మార్చుకోవచ్చు. అంటు అతికితే మూడో ఏటికి నాలుగు కాయలు చూస్తారు. కొత్త మొక్క పెడితే అయిదారేళ్ళు ఆగాలి, ఆ లోపు ఉప్పుకు చచ్చిపోయే ప్రమాదం కూడా ఉంది.

టెంక మాత్రం వద్దు. మన ఆంధ్ర రకాల్లో దాదాపు అన్నీ, ఇమాం పసంద్‌తో సహా, ఒక టెంకకు ఒకే మొలక వచ్చేవి. ఆ మొలక పూత మీద పడ్డ పుప్పొడితో కలిసి పుట్టిన కొత్త చెట్టు, తల్లి లాంటి కాయ ఇవ్వదు. ఇప్పుడు మీ పెరట్లో ఉన్న పుల్ల మామిడి కూడా బహుశా ఎవరో మంచి పండు తిని పారేసిన టెంక నుంచి మొలిచిందే.

ఇంతకీ ఈ రకం ఇంట్లోనే ఎందుకు పెంచుకోవాలి? ఇమాం పసంద్, హైదరాబాదులో హిమాయత్ అంటారు, పీచు లేని పెద్ద కాయ. అర కిలో నుంచి ముప్పావు కిలో దాకా తూగుతుంది. తోలు చాలా పలచన. పండినా పచ్చదనం పూర్తిగా పోదు. కాపు తక్కువ, ఏటా ఒకేలా రాదు. పలచటి తోలుతో లారీ ప్రయాణం తట్టుకోదు. అందుకే ఉలవపాడు, ఉదయగిరి తోటల్లో రైతులు బంగినపల్లి వైపే మొగ్గారు, అది వారి బతుకుతెరువు కాబట్టి తప్పు పట్టేది కాదు. అంగడికి పనికిరాని గుణాలున్న రకం నిలవాలంటే అది పెరళ్ళలోనే నిలవాలి. చెరకురసం, జహంగీర్ కూడా ఇదే కోవలోకి వస్తాయి. కింద చెప్పే పద్ధతి వాటికీ సరిపోతుంది.

పాత చెట్టు మీద అంటు కట్టే పద్ధతి

చెట్టును ముందు బాగా పరీక్షించండి. మొదలు దగ్గర రంపపు పొట్టు లాంటి పొడి రాలుతున్నా, బెరడు ఊడి జిగురు కారుతున్నా, సగం కొమ్మలు ఎండినా ఈ పని వద్దు. అలాంటి చెట్టు నరికితే చిగురు వేయలేదు. ఆరోగ్యంగా ఉంటే ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో కొమ్మలు కోయండి. నేల నుంచి నాలుగైదు అడుగుల ఎత్తులో, ప్రధాన కొమ్మలు విడిపోయిన చోటికి ఒక అడుగు పైన. అన్నీ ఒకేసారి కోయొద్దు. ఒక కొమ్మను ఆకులతో సహా అలాగే వదలండి. వేరుకు అన్నం పెట్టేది అదే. మొత్తం మోడు చేస్తే వేసవిలో వేరు ఆకలితో చస్తుంది, మోడు మీద ఎండ పడి బెరడు పగులుతుంది. వదిలిన కొమ్మను అంటులు బాగా పెరిగాక, రెండో ఏడు తీసేయొచ్చు.

పెద్ద కొమ్మను పై నుంచి ఒకే కోతగా కోస్తే బరువుకు విరిగి బెరడు కింది దాకా చీరుకుపోతుంది. ముందు అడుగు భాగాన మూడో వంతు లోతు కోసి, దానికి ఒక జానెడు అవతల పై నుంచి కోయండి. కొమ్మ పడిపోయాక మిగిలిన మొండిని శుభ్రంగా, కొంచెం వాలుగా, నీళ్ళు నిలవకుండా కోయండి. వెంటనే బోర్డో పేస్టు పూయాలి: 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం విడివిడిగా అర లీటరు నీళ్ళలో కలిపి, తర్వాత రెండూ ఒక ప్లాస్టిక్ బకెట్లో కలపాలి. ఇనుప పాత్రలో కలిపితే పాడవుతుంది. ఎండ పడే బెరడంతటికీ సున్నం కొట్టండి.

రెండు మూడు నెలల్లో ప్రతి మొండి చుట్టూ గుత్తులుగా ఇగుళ్ళు వస్తాయి. జానెడు పొడవు రాగానే ఒక్కో మొండికి బలమైనవి, బయటి వైపు తిరిగినవి, నాలుగు మాత్రం ఉంచి మిగిలినవి చేత్తో విరిచేయండి. ఇక్కడ జాలి పడితే అన్నీ సన్నగా పోయి ఒక్కటీ అంటుకు పనికిరాదు.

అంటు కట్టే కాలం ఆరుద్ర కార్తె నుంచి ఆగస్టు చివరి దాకా, గాలిలో తేమ ఉన్న రోజుల్లో. మీ వైపు జూన్‌లో పడమటి వేడిగాలి ఇంకా కొడుతుంటే ఆగండి, జులైలో కట్టించండి. అక్టోబరు వస్తే వద్దు. ఎడతెరిపి లేని వానల్లో అతుకు కుళ్ళుతుంది.

అంటు కట్టే పుల్లను, అంటే ఇగురు మీద అతికించే ఇమాం పసంద్ కొమ్మ కొనను, మీరు కాయ తిని, ఇదే ఇమాం పసంద్ అని రూఢి చేసుకున్న చెట్టు నుంచి తెచ్చుకోండి. చిన్న మొక్కను ఆకు చూసి రకం చెప్పడం ఎవరి వల్లా అయ్యే పని కాదు. పేరు చీటీ చూసి కొన్నవారిలో చాలామందికి అయిదేళ్ళ తర్వాత గానీ అది వేరే రకమని తెలియదు. నమ్మకమైన తల్లి చెట్టు దగ్గర్లో లేకపోతే నూజివీడు మామిడి పరిశోధన స్థానంలోనో, తెలంగాణలో సంగారెడ్డి ఫల పరిశోధన కేంద్రంలోనో విచారించండి. పుల్ల ఇలా ఎంచుకోవాలి:

- మూడు నాలుగు నెలల వయసున్న కొమ్మ చివర, పెన్సిలంత లావు, 10–15 సెం.మీ. పొడవు. ఆ ఏడు పూసిన కొమ్మ వద్దు.
- కోయడానికి వారం పది రోజుల ముందే ఆకులను తొడిమ కొంచెం ఉంచి కత్తిరించాలి. కొన మొగ్గ ఉబ్బి పగలబోతున్నట్టు ఉన్నప్పుడు కోయాలి. ఈ ఒక్క పని వదిలేయడం వల్లే ఎక్కువ అంటులు పోతాయి. నిద్రలో ఉన్న మొగ్గ మేలుకునే లోపే పుల్ల ఎండిపోతుంది.
- తడి గోనెలో గానీ అరటి బోదె పొరలో గానీ చుట్టి తెస్తే మూడు రోజులు ఆగుతుంది. తెచ్చిన రోజే కట్టడం మేలు.

చెట్టు మీది ఇగురు రాగి రంగు నుంచి లేత ఆకుపచ్చకు తిరిగే దశలో ఉండాలి. పుల్ల ఎంత లావో ఇగురూ అంతే లావున్న చోట అడ్డంగా కోసి, నడిమికి 3–4 సెం.మీ. లోతు చీల్చండి. పుల్ల అడుగును అంతే పొడవు రెండు వైపులా V ఆకారంలో చెక్కి చీలికలో దించండి. లావు సరిపోకపోతే ఒక వైపు బెరడైనా బెరడుకు ఆనాలి. అతుక్కునేది బెరడు కింద ఉండే పచ్చటి పొర మాత్రమే, నడిమి కట్టె అతుక్కోదు. రెండు సెం.మీ. వెడల్పున్న పలచటి ప్లాస్టిక్ పట్టీతో కింది నుంచి పైకి బిగించి చుట్టి, పైన సన్నని ప్లాస్టిక్ గొట్టం తొడిగి అడుగున దారంతో కట్టండి. లోపల తేమ నిలిచి పుల్ల వాడదు. రెండు మూడు వారాల్లో మొగ్గ పగులుతుంది. ఆకులు గొట్టానికి తగలగానే, సాయంకాలం పూట, గొట్టం తీయండి. మిట్టమధ్యాహ్నం తీస్తే ఒక్క పూటలో మాడిపోతుంది. పట్టీని రెండు మూడు నెలలు ఉంచి, అతుకు గట్టిపడ్డాక బ్లేడుతో నిలువునా కోయండి. మరిచిపోతే అది కొమ్మలోకి దిగబడి, తర్వాత గాలికి సరిగ్గా అక్కడే విరుగుతుంది.

కొత్తగా చేసేవారు దీన్ని నర్సరీ పనివాడితో కట్టించుకోవడమే మంచిది. చేయి తిరిగినవాడికి అరపూట పని. చెట్టు మొత్తం మీద పది పన్నెండు అంటులు కట్టించండి. కొన్ని పోతాయి. మొండికి ఒకటి రెండు నిలిస్తే చాలు.

ఆ తర్వాత రెండు జాగ్రత్తలు ఏళ్ళ తరబడి పాటించాలి. అతుకు కింద నుంచి వచ్చే ప్రతి ఇగురూ నాటు మామిడే. తీయకపోతే అది పై రకాన్ని మింగేస్తుంది. రెండు మూడేళ్ళకు "ఇమాం పసంద్ పుల్లగా కాసింది" అనే ఇళ్ళలో జరిగింది ఇదే. రెండోది, నవంబరు తుఫాను గాలి వచ్చేలోపు ప్రతి అంటునూ వెదురు బద్దకు కట్టి, ఆ బద్దను మోడుకు బిగించండి. మొదటి రెండేళ్ళు అతుకు బలహీనంగా ఉంటుంది. కోసిన మోడు వాసనకు కాండం తొలిచే పురుగు రావచ్చు. రంధ్రం, పొట్టు కనిపిస్తే సన్నని ఇనుప తీగతో పురుగును లాగి, పెట్రోలు తడిపిన దూది కూరి, బంకమట్టితో మూయండి.

పాత చెట్టు లేనివారు

ఇది చదివే మిగతావారి కోసం. 90 సెం.మీ. పొడవు, వెడల్పు, లోతు గుంట ఏప్రిల్‌లో తీసి ఎండనివ్వాలి. పై మట్టితో బాగా చివికిన పెంట ఎరువు 30–40 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 2 కిలోలు, వేపపిండి కిలో కలిపి నింపి, ఒక వాన పడి మట్టి కుంగాక నాటాలి. ఇంటి గోడకు 5 మీటర్లు, మరుగుదొడ్డి గుంటకు అంతకంటే ఎక్కువ దూరం ఉంచండి.

నేలను బట్టి ఒక్క మార్పు ఉంది. కొత్తపట్నం, సింగరాయకొండ, కావలి ఇసుకల్లో గుంట అడుగున చెరువు మట్టి రెండు తట్టలు వేస్తే నీళ్ళు నిలుస్తాయి. ఒంగోలు చుట్టుపక్కల రేగడిలో, కోవూరు, బుచ్చిరెడ్డిపాలెం వైపు వరి మాగాణుల్లో గుంట తీస్తే అది వానాకాలం నీళ్ళ తొట్టి అవుతుంది. అక్కడ గుంట మానేసి, అడుగున్నర ఎత్తు, రెండు మీటర్ల వెడల్పు దిబ్బ పోసి దాని మీద నాటండి. మామిడి వేరు కరువును భరిస్తుంది గానీ నెల రోజులు నిలిచిన నీటిని భరించదు.

నర్సరీ అంటు కొంటే అతుకు నేల నుంచి జానెడు పైన, తిన్నగా ఉన్నదీ, అతుకుకు పైనా కిందా లావు సమానంగా ఉన్నదీ, కనీసం ఒక విడత ఆకులు ముదిరినదీ తీసుకోండి. నాటేటప్పుడు అతుకు మట్టిలోకి పోకూడదు. నీళ్ళు తక్కువైన మెట్ట ప్రాంతాల్లో, కనిగిరి, పొదిలి వైపు, ఇంతకంటే మంచి దారి ఉంది: జూన్‌లో అప్పుడే తిన్న నాటు మామిడి టెంకలు రెండు మూడు గుంటలోనే నాటి, బలమైన మొక్క ఒకటి ఉంచి, మరుసటి ఏడు వానాకాలం దాని మీదే అంటు కట్టించాలి. సంచిలో పెరిగిన మొక్కకు తల్లివేరు తెగో, చుట్టుకునో ఉంటుంది. గుంటలో మొలిచినదానికి అది నేరుగా లోతుకు పోతుంది. టెంక ఆరితే మొలకెత్తే శక్తి నెలలోపే పోతుంది, దాచి పెట్టొద్దు.

ఉప్పు నీళ్ళ సంగతి

నాలుకకు ఉప్పు తగిలే నీళ్ళను అంచనాతో వదలకండి. ఒక సీసా బోరు నీళ్ళు, గుంట మట్టి అర కిలో దర్శిలోనో కందుకూరులోనో కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి. నీటి ఇ.సి. (నీళ్ళలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, dS/m లో) 1 లోపు ఉంటే నిశ్చింత. 1 నుంచి 2 మధ్య జాగ్రత్తగా వాడుకోవాలి. 2 దాటితే పెద్ద చెట్టు ఎలాగో నెట్టుకొస్తుంది గానీ చిన్న మొక్కకు మొదటి మూడేళ్ళు ఆ నీళ్ళు పోయకూడదు. ఉప్పు దెబ్బ ముదురాకుల కొనల నుంచి మొదలవుతుంది. కొన, ఆపైన అంచులు ఇటుక రంగుకు మాడి, ఆకు మధ్య మాత్రం పచ్చగా ఉంటుంది. లేత ఆకుల మీద నల్ల మచ్చలైతే అది మచ్చ తెగులు, దానికీ నీళ్ళకూ సంబంధం లేదు.

మందు కొట్టి ఉప్పు దెబ్బను పోగొట్టలేం. మంచి నీళ్ళతో కడగాలి. మీకు ఆ నీళ్ళు ఉచితంగా వచ్చేది ఈశాన్య రుతుపవనాల్లో. వంద చదరపు మీటర్ల డాబా మీద 10 మి.మీ. వాన పడితే వెయ్యి లీటర్ల దాకా వస్తాయి. డాబా గొట్టాన్ని మలిచి చెట్టు పాదులోకి వదలండి. ఏడాదంతా చేరిన ఉప్పు వేరు కిందికి దిగిపోతుంది. బంకమట్టి పొర ఉంది కాబట్టి నీళ్ళు ఒక రోజుకు మించి నిలిస్తే పాదు గట్టు తెంపేయండి. వేసవిలో రోజూ ఒక చెంబు పోయడం ఉప్పు నీళ్ళతో చేసే పెద్ద హాని. పైపై తడి ఆరిపోయి ఉప్పు అక్కడే మిగులుతుంది. పది రోజులకోసారైనా లోతుగా తడపండి. పాదులో జానెడు మందం వేరుశనగ పొట్టో, వరిగడ్డో పరవండి. చెదల భయం ఉంటుంది కనుక మొదలుకు జానెడు దూరం వదలండి.

పొటాష్ కోసం సాధారణంగా వేసే మ్యూరేట్‌లో క్లోరైడు ఉంటుంది. మీ నేలకు అది వద్దు, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేయండి. మన సిఫారసు ఏడాది మొక్కకు నత్రజని, భాస్వరం, పొటాష్ తలా 100 గ్రాములు, ఏటా తలా 100 పెంచుతూ పదో ఏటికి తలా కిలో. అది తోటల్లో పూర్తిగా పెరిగే చెట్టు లెక్క. కత్తిరిస్తూ 4 మీటర్ల గుబురుకు పరిమితం చేసే పెరటి చెట్టుకు అందులో సగం చాలు: యూరియా కిలో, సూపర్ 3 కిలోలు, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ కిలో, పెంట ఎరువు 50 కిలోలు. మొదలు దగ్గర కాదు, గుబురు నీడ అంచున వేయాలి. కొత్త ఆకులు చిన్నవై గుత్తిగా వస్తే జింకు లోపం. లీటరుకు జింకు సల్ఫేట్ 5 గ్రాములు, యూరియా 10 గ్రాములు కలిపి లేత ఆకు మీద రెండుసార్లు పిచికారీ చేయండి.

అసలు చిక్కు: మన వానల కాలం

నెల్లూరు, ప్రకాశం తీరంలో ఇమాం పసంద్ కాయడం లేదనే ఇళ్ళలో ఎక్కువ భాగం చెట్టుకు జబ్బేమీ ఉండదు. ఏపుగా, నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది, పూత మాత్రం రాదు. కారణం కాలం. మామిడి పూత రావాలంటే రెండు కావాలి. కొమ్మ చివరి ఇగురు ముదిరి నాలుగైదు నెలలై ఉండాలి. ఆ సమయంలో నేల ఆరి, రాత్రులు చల్లబడాలి. ఉత్తర జిల్లాల్లో నవంబరుకు వానలు తగ్గి చెట్టుకు విశ్రాంతి దొరుకుతుంది. మన దగ్గర అసలు వాన అప్పుడే. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. తడి, పైగా ఎరువు అందితే చెట్టు పూత మానేసి ఆకు వేస్తుంది. డిసెంబరులో వచ్చిన ఆ లేత ఇగురు ఆ ఏడు పూయదు.

వానను ఆపలేం కనుక మిగతావి ముందుకు జరపాలి.

కాయ కోయడం అయిపోగానే, మృగశిర కార్తెలోనే, కత్తిరింపు చేయండి. ఒకదానికొకటి ఒరుసుకునేవి, లోపలికి పెరిగేవి, ఎండినవి తీసి, కాసిన కొమ్మల కొనలు జానెడు కోయండి. కత్తిరింపు జులై 15 దాటనీయొద్దు. అప్పుడు వచ్చే ఇగురు ఆగస్టుకు ముదరడం మొదలై డిసెంబరుకు పూతకు సిద్ధమవుతుంది. సెప్టెంబరులో కత్తిరిస్తే చెట్టు అందంగా కనబడుతుంది, ఆ ఏటి కాపు పోతుంది. ఎరువు మొత్తంలో మూడింట రెండు వంతులు ఈ కత్తిరింపుతో పాటే వేయండి, మిగతాది పిందె బఠాణీ గింజంత అయ్యాక. ఆగస్టు దాటాక యూరియా గానీ, పేడ నీళ్ళు గానీ వద్దు. పెరటి చెట్లకు ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు, వంటింటి నీళ్ళు రోజూ పోసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంటుంది. ప్రేమతో చేసేదే, కానీ నవంబరు నుంచి ఆ కాలువను అరటి వైపు మళ్ళించండి.

వానలు వెనకబట్టాక పాదు గట్లు తీసేసి, పై మట్టి రెండంగుళాల లోతు పలుగుతో గుల్ల చేసి, పరిచిన గడ్డిని పక్కకు లాగండి. నేల త్వరగా ఆరుతుంది. ఆ తర్వాత పిందె బఠాణీ గింజంత అయ్యే దాకా చుక్క నీళ్ళు వద్దు. ఆకులు మధ్యాహ్నం పూట కొంచెం వాడినట్టున్నా భయపడకండి, పెద్ద చెట్టు తట్టుకుంటుంది. జనవరి మొదటి వారానికి మొగ్గలు ఉబ్బి, పగలకుండా ఆగితే పొటాషియం నైట్రేట్ లీటరుకు 10 గ్రాములు కలిపి ఆకులు తడిసేలా ఒకసారి పిచికారీ చేయొచ్చు. ముదిరిన కొమ్మ మీదే ఇది పనిచేస్తుంది. లేత ఇగురు మీద కొడితే ఇంకా ఆకే వస్తుంది.

కల్టార్ గురించి అడిగారు కదా. అందులోని పాక్లోబుట్రజాల్ కొమ్మ పెరుగుదలను అణిచి పూత తెప్పిస్తుంది. తోటల్లో గుబురు వ్యాసం మీటరుకు 3–4 మి.లీ. చొప్పున ఆగస్టు, సెప్టెంబరులో పాదులో పోస్తారు. మీకు నా సలహా: వద్దు. అంటు కట్టి పదేళ్ళు నిండని చెట్టుకు అసలే వద్దు. నేలలో చాలాకాలం నిలిచే మందు అది. మోతాదు మించితే కొమ్మలు పొట్టిగా ముడుచుకుపోయి గుత్తులు గుత్తులుగా అవుతాయి, తేరుకోవడానికి ఏళ్ళు పడుతుంది. పాదు పక్కనే ఆకుకూరలు, కరివేపాకు ఉండే పెరటికి అది తగదు. పైన చెప్పిన కత్తిరింపు, ఎండబెట్టడం సరిగ్గా జరిగితే దాని అవసరం రాదు.

పూత నుంచి పిందె దాకా

పూమొగ్గ బయటికి వచ్చేటప్పుడు, పూలు విచ్చుకోక ముందే, నీళ్ళలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కొట్టండి. బూడిద తెగులు ఆగుతుంది. తేనెమంచు పురుగు మన తీరంలో మబ్బు పట్టిన రోజుల్లో విపరీతంగా వస్తుంది. చెట్టు కింద నిలబడితే టపటపమని ఎగురుతాయి, ఆకుల మీద జిగురు, తర్వాత మసి. తక్కువగా ఉంటే వేపనూనె లీటరుకు 5 మి.లీ., కొంచెం సబ్బు నురగ కలిపి కొమ్మల మీదా, కాండం మీదా కొట్టండి. మరీ ఎక్కువైతే మొగ్గ దశలో ఒకే ఒక్కసారి ఇమిడాక్లోప్రిడ్ లీటరుకు 0.3 మి.లీ. పూలు విచ్చుకున్నాక ఏ పురుగుమందూ కొట్టొద్దు. మామిడి పూతను ఫలింపజేసేది ముఖ్యంగా ఈగలు. అవి చస్తే పూత నిండుగా ఉన్నా పిందె నిలవదు. వేరే రకం మామిడి వీధిలో ఎక్కడున్నా పిందె కట్టడానికి తోడవుతుంది. మీరు వదిలిన నాటు కొమ్మ కూడా ఆ పని చేస్తుంది, అందుకని పూర్తిగా తీసేయకుండా చిన్నదిగా కత్తిరిస్తూ ఉంచుకున్నా మంచిదే.

వెయ్యి పూలకు ఒక కాయ నిలిస్తే మంచి కాపు కిందే లెక్క, రాలడం చూసి బెంబేలు పడకండి. పిందె బఠాణీ గింజంత దశలో నీళ్ళు మొదలుపెట్టండి, ఒక్కసారిగా ముంచకుండా మొదటి తడి తేలిగ్గా. 4 మీటర్ల గుబురుకు వారానికి 150–200 లీటర్లు సరిపోతాయి. రాలడం మరీ ఎక్కువైతే ప్లానోఫిక్స్ (పిందె రాలడం తగ్గించే హార్మోను మందు) అయిదు లీటర్లకు ఒక మి.లీ. కలిపి ఒకసారి పిచికారీ చేయండి. అంతకు మించి పోస్తే అదే రాల్చేస్తుంది.

కాయ పెద్ద నిమ్మకాయంత అయ్యాక కాగితపు సంచి తొడగండి. ఇమాం పసంద్‌కు ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం. పలచటి తోలు కనుక పండు ఈగ తేలిగ్గా గుడ్డు పెడుతుంది, మే ఎండకు కాయ భుజాలు (తొడిమ పక్క భాగం) కాలతాయి. మిథైల్ యూజినాల్ ఎరను తలెత్తున ఒకటి రెండు కట్టండి, కానీ దానికి మగ ఈగలే వస్తాయి, కాబట్టి సంచికి అది బదులు కాదు. రాలిన కాయలను చెట్టు కింద వదలకుండా రెండడుగుల లోతున పూడ్చండి.

కోత, మాగబెట్టడం

మే రెండో సగం నుంచి జూన్ మొదటి వారాల దాకా కోతకొస్తుంది. ఈ రకం రంగు తిరగదు కాబట్టి రంగు కోసం ఆగితే చెట్టు మీదే మెత్తబడి రాలుతుంది. భుజాలు తొడిమ కంటే పైకి లేచి నిండుగా ఉండాలి. తోలు మీది చుక్కలు స్పష్టం కావాలి. అనుమానంగా ఉంటే ఒకటి కోసి నీళ్ళ బకెట్లో వేయండి. మునిగితే పక్వానికి వచ్చినట్టు, తేలితే ఇంకా వారం ఆగాలి. కోతకు రెండు వారాల ముందే నీళ్ళు ఆపితే తీపి పెరుగుతుంది.

నాలుగైదు వేళ్ళ తొడిమతో కత్తిరించి, నీడలో తొడిమను పొట్టిగా కోసి, కాయను రెండు గంటలు బోర్లా ఉంచి సొన కారనివ్వండి. సొన తోలు మీద పడితే అక్కడే నల్లబడి కుళ్ళుతుంది. తర్వాత కడిగి, తుడిచి, వరిగడ్డి మీద ఒకే వరసగా, తొడిమ కిందికి ఉండేలా పెట్టి పైన గడ్డి కప్పండి. అయిదు నుంచి ఏడు రోజులు. రోజూ చేత్తో తీసి చూడండి, వాసన వచ్చిన తర్వాత రెండు రోజులకు మించి ఆగదు. కార్బైడు ఆహార భద్రత నిబంధనల ప్రకారం నిషిద్ధం, ఇంటి పండుకు దాని ఊసే వద్దు.

కుండీ మాట: ఇమాం పసంద్ బాగా పెరిగే రకం. 200 లీటర్ల డ్రమ్ములో బతుకుతుంది, నాలుగైదు కాయలకు మించి ఇవ్వదు, పైగా ఉప్పు నీళ్ళు కుండీలో నేల కంటే త్వరగా దెబ్బ తీస్తాయి. డాబా మీదే పెంచాలంటే పొట్టిగా ఉండే ఆమ్రపాలి మేలు, వాన నీళ్ళు పట్టి ఉంచుకుని అవే పోయండి.

కాపు విషయంలో ఏమి ఆశించవచ్చో కూడా చెబుతాను. అంటు కట్టాక రెండో ఏడు పూత వస్తే చేత్తో గిల్లేయండి, అప్పుడే కాయనిస్తే కొమ్మ వంగి అతుకు చీలుతుంది. మూడో ఏడు కొమ్మకు ఒకటి రెండు వదలండి. ఆ పైన బాగా కాసిన ఏడాది తర్వాత చెట్టు ఒక ఏడు విశ్రాంతి తీసుకోవడం ఈ రకానికి సహజం. విరగకాసిన ఏడు ఏప్రిల్‌లోనే గుత్తికి ఒక కాయ చొప్పున ఉంచి మిగిలినవి పచ్చడికి కోసుకోండి. జూన్ కత్తిరింపులో చెట్టులో ఒక సగాన్ని మాత్రం కాస్త గట్టిగా కోయండి. ఆ సగం కొత్త ఇగురు వేస్తూ కూర్చుంటుంది, రెండో సగం పూస్తుంది. మరుసటి ఏడు వంతులు మారతాయి. చెట్టు నిండా కాకపోయినా ఏటా ఇంటికి సరిపడా కాయ దొరుకుతుంది.

పుల్ల కోసం తిరిగేటప్పుడు తల్లి చెట్టు యజమానిని జూన్ మొదట్లోనే అడిగి పెట్టుకోండి. ఆకులు ముందుగా కత్తిరించి ఉంచాలి కదా, కట్టే రోజున వెళ్ళి అడిగితే ఒక ఏడు వెనకబడతారు.